శాలువా కప్పే ముందు మాస్టారిని ఒక మాట అడగండి

మీరు అడిగినది నాకు అర్థమైనంతలో ఇది. ఒడిశా రాయగడ జిల్లాలో గుణుపురం దగ్గర మీ ఊళ్లో అరవై మూడేళ్ల రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. ఇటుక బట్టీలకు దాదన్ (అడ్వాన్సు తీసుకుని వలస కూలికి) వెళ్లి, కూలి డబ్బులు అందక తిరిగొచ్చినవాళ్లకి పదేళ్లుగా అర్జీలు రాసిపెడుతున్నారు. ఈ ఏడాది కూలీలను తీసుకెళ్లే ఒక మేస్త్రీ మీద కేసు కూడా పెట్టించారు. అప్పటినుంచి రాత్రిళ్లు ఫోన్లు వస్తున్నాయి. పోయిన వారం వాట్సాప్‌లో ఒక పోలీసు నోటీసు వచ్చింది. డిసెంబరు 10న, మానవ హక్కుల దినం నాడు, రాయగడలో పెద్ద సభ పెట్టి ఆయన్ని సన్మానిస్తే నలుగురికీ తెలిసి అదే రక్షణ అవుతుందా, లేక ఇంకా చిక్కుల్లో పడతారా?

ఈ జిల్లా కోర్టుల్లో ముప్పై ఏళ్లకు పైగా వకీలుగా తిరిగాను. ఇలాంటి మాస్టార్లను నలుగురైదుగురిని దగ్గర్నుంచి చూశాను. రెండూ జరగొచ్చు, మీరు ఏం చేస్తారన్నదాన్ని బట్టి. కానీ మీ ప్రశ్న చదువుతుంటే నా కళ్లు సభ దగ్గర కాదు, ఆ నోటీసు దగ్గర ఆగాయి. సభకి టైముంది, నోటీసుకి లేదు. అందుకని అక్కడే మొదలుపెడతాను.

అందులో ఏ సెక్షన్ రాశారో చూడండి. 2024 జులై 1 నుంచి పోలీసులు, కోర్టులు కేసు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ పోయి బీఎన్ఎస్ఎస్ వచ్చింది, నంబర్లన్నీ మారాయి. థానాలో, అంటే పోలీస్ స్టేషన్లో, మాత్రం చాలామంది నోట ఇంకా పాత నంబర్లే ఉన్నాయి, కంగారు పడకండి. 179 అని ఉంటే సాక్షిగా పిలుస్తున్నారు, పాత 160 ఇదే. అరవై దాటిన మనిషిని సాక్షిగా విచారించాలంటే పోలీసులే ఇంటికి రావాలి. ఆడవాళ్లకైతే ఏ వయసులోనైనా అంతే. తానుగా వెళ్తానంటే వేరే సంగతి, రమ్మని బలవంతపెట్టడానికి మాత్రం లేదు.

35(3) అని ఉంటే ఆయన మీదే ఏదో ఫిర్యాదు ఉందన్న మాట, పాత 41ఏ. దీన్ని పక్కన పడెయ్యొద్దు. చెప్పిన రోజున హాజరై సహకరిస్తున్నంతకాలం, ఫలానా కారణం అని రాసుకోకుండా అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే ఆ వెళ్లకపోవడమే కారణమైపోతుంది. మాస్టారి వయసుకి ఇంకో వెసులుబాటు కూడా ఉంది. మూడేళ్లలోపు శిక్ష ఉన్న నేరమై, మనిషికి అరవై దాటి ఉంటే, డీఎస్పీకి తగ్గని అధికారి ముందుగా అనుమతి ఇవ్వకుండా అరెస్టు చేయడానికి వీల్లేదు. 35(7) చూడండి. ఇది కొత్త చట్టంతో వచ్చింది. చాలామంది వకీళ్లే దీన్ని వాడుకోవడం లేదు.

ఇక వాట్సాప్ సంగతి. 35 కింద ఇచ్చే నోటీసులను వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. "అయితే ఊరుకుందాం" అని మాత్రం అనుకోవద్దు. "మీ సందేశం ఫలానా తేదీన ఫోన్‌లో చూశాను. చట్టప్రకారం కాగితం అందజేస్తే హాజరవుతాను" అని వకీలు చేత నాలుగు లైన్ల జవాబు రాయించి థానాలో ఇచ్చి, రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే అదే కాగితాన్ని ఐఐసీ (థానా ఇన్‌స్పెక్టరు) పేరున స్పీడ్ పోస్టులో పంపండి. ఆ పోస్టాఫీసు రసీదు ముక్క చాలాసార్లు నన్ను కాపాడింది.

తహసీల్ ఆఫీసు నుంచి "శాంతికి భంగం కలగకుండా బాండు ఎందుకు తీసుకోకూడదో చెప్పండి" అని వేరే కాగితం కూడా రావచ్చు. మనవాళ్లు ఇప్పటికీ దాన్ని నూట ఏడు అంటారు. ఇప్పుడది 126. అది నేరారోపణ కాదు. అయినా వాయిదాకి వెళ్లి జవాబు ఇవ్వాలి.

మీరు రాయలేదు కానీ నాకు అనుమానంగా ఉన్నది ఇంకొకటి. బట్టీ ఓనరు తెలంగాణవాడని అన్నారు. "అడ్వాన్సు తీసుకుని కూలీలను పారిపోయేలా చేశాడు" అని అక్కడి స్టేషన్లో మాస్టారి మీద ఎదురు కేసు పెట్టడం ఈ వ్యాపారంలో పాత ఎత్తు. అప్పుడు ఒకరోజు తెల్లవారుజామున ఆ రాష్ట్రం పోలీసులు జీపులో దిగుతారు. దీనికి మందు ముందే ఉంది. వేరే రాష్ట్రంలో ఎఫ్ఐఆర్ అయినా, అక్కడి కోర్టుకి వెళ్లి అడుక్కునేదాకా కొద్దికాలానికి ఇక్కడి సెషన్స్ కోర్టుగానీ హైకోర్టుగానీ ముందస్తు బెయిల్ ఇవ్వవచ్చని 2023 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రియా ఇండోరియా కేసు అని చెప్పండి, మీ వకీలుకి తెలుస్తుంది. కటక్ హైకోర్టు దాకా పోవాలంటే హీరాఖండ్ రైల్లో ఒక రాత్రి ప్రయాణం, పైన ఇంకో పూట. రాయగడ కోర్టులోనే పని జరుగుతుందని తెలిస్తే చాలా ధైర్యంగా ఉంటుంది.

ఒకవేళ అరెస్టు అంటూ జరిగితే, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ఇంట్లోవాళ్లకి చెప్పాలి, వకీలుని కలవనివ్వాలి. ఇవి అందరికీ తెలిసినవే, 1996లో డి.కె.బసు తీర్పు దగ్గర్నుంచి వింటున్నవే. మన సరిహద్దువాళ్లకి ముఖ్యమైనది తర్వాత వచ్చింది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ కోరాపుట్, రాయగడ పక్కంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఊళ్లు రాష్ట్రం మారాయి, ఇళ్లలో భాష మారలేదు. థానా కాగితం ఒడియాలో ఉంటుంది, మన పెద్దవాళ్లు తెలుగే చదవగలరు, కువీ మాట్లాడే కోంధులకి రెండూ రావు. ఏముందో తెలియకుండా "ఇక్కడ సంతకం" అంటే పెట్టేసినవాళ్లని ఎందరిని చూశానో. 2025 నవంబరులో సుప్రీంకోర్టు మిహిర్ రాజేశ్ షా కేసులో, ఏ నేరమైనా సరే, అరెస్టుకి కారణాలు రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని చెప్పింది. అప్పటికప్పుడు రాసివ్వలేకపోతే నోటితో చెప్పి, మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లడానికి కనీసం రెండు గంటల ముందైనా కాగితం చేతికివ్వాలి. "నాకు ఒడియా చదవడం రాదు, తెలుగులో ఇవ్వండి" అనే ఒక్క వాక్యం మాస్టారి చేత, మీ ఊళ్లో ఇంకో పదిమంది చేత, ఇప్పుడే కంఠతా పట్టించండి.

ఇక ఫోన్లు. బెదిరింపుని "ఆ, మాటలే కదా" అని తీసిపారెయ్యకండి. 2013 డిసెంబరులో కలహండి జిల్లాకి చెందిన ఇద్దరు కూలీల కుడి చేతుల్ని మేస్త్రీ మనుషులు నరికేశారు. అదీ అడ్వాన్సు గొడవే. ఒక నోటుబుక్కు కొనండి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ నంబరు నుంచి, ఏమన్నారు, ఆ సమయానికి పక్కన ఎవరున్నారు, అంతే రాయండి. సొంత వ్యాఖ్యానం అక్కర్లేదు. దాని ఆధారంగా థానాలో ఫిర్యాదు ఇవ్వండి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. "నేరం జరిగింది మా పరిధిలో కాదు" అనే మాట ఇప్పుడు చెల్లదు, ఏ థానాలోనైనా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాల్సిందే.

సాక్షుల రక్షణ పథకం అని ఒకటి ఉంది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటా చట్టంలాగే అమలు చేయాలంది. జిల్లా జడ్జి అధ్యక్షుడిగా ఉండే కమిటీకి అర్జీ పెడితే, డీఎస్పీ స్థాయి అధికారి నుంచి ప్రమాదం ఎంతో నివేదిక తెప్పించుకుంటారు, అయిదు పనిదినాల్లో రావాలి. ఎస్కార్టు, ఇంటికి సీసీ కెమెరా, ఫోను నంబరు మార్పించడం, కొన్నాళ్లు వేరేచోట ఉంచడం దాకా ఉంటాయి. అయితే ఇది పెద్ద నేరాలకే, ఏడేళ్లూ అంతకు మించీ శిక్ష ఉన్నవాటికి, కొన్ని స్త్రీలపై నేరాలకి. మాస్టారు పెట్టించిన కేసులో ఏ సెక్షన్లు వేశారో తెలియకుండా నేను ఆశ పెట్టలేను. బాధితులు ఎస్సీ ఎస్టీలైతే, ఆ అత్యాచార నిరోధక చట్టంలోనే 15ఏ సెక్షన్ బాధితులకీ సాక్షులకీ రక్షణ, ప్రయాణ ఖర్చులు ఇవ్వమంటుంది. మీ కూలీలు ఎక్కువమంది సవరలు అన్నారు కాబట్టి ఇది తప్పకుండా చూడండి. వాళ్లకి జిల్లా న్యాయసేవా సంస్థ నుంచి వకీలు ఉచితంగా వస్తాడు. ఫోను 15100.

జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి రాయమని మీకు ఎవరో చెప్పారట. రాయండి, ఫీజు లేదు, తెలుగులోనే రాయవచ్చు. హక్కుల కోసం పనిచేసేవాళ్ల మీద దాడుల సంగతి చూడడానికే అక్కడ ప్రత్యేకంగా ఒక విభాగం, ఫోకల్ పాయింట్ అంటారు, ఉంది. కానీ రెండు గుంటలు ఉన్నాయి, మా జూనియర్లే పడ్డారు. ఒకటి, ఘటన జరిగి ఏడాది దాటితే తీసుకోరు. రెండోది, "ఎందుకైనా మంచిది" అని భువనేశ్వర్లో రాష్ట్ర కమిషన్‌కి కూడా అదే కాపీ పంపుతాం చూశారా, అది దెబ్బ. రాష్ట్ర కమిషన్ దగ్గర నడుస్తున్నదాన్ని ఢిల్లీ ముట్టుకోదు. ఒకచోటే ఎంచుకోండి. కమిషన్ చేసేది సిఫారసు మాత్రమేనని కూడా గుర్తుంచుకోండి. అయినా అక్కడి నుంచి ఎస్పీకి "నివేదిక పంపండి" అని కాగితం వచ్చాక థానాలో మాట తీరు మారడం నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు మీ సభ.

నేను చేసిన తప్పు చెబుతాను. పదిహేనేళ్ల కిందట, ఇదే డిసెంబరు 10న, భూమి కేసుల్లో ఆదివాసీల తరఫున తిరిగే ఒకాయనకి మేం కొందరం సన్మానం పెట్టాం. ఆయన ఒంటరిగా, సైకిలు మీద సంతలకి తిరిగే మనిషి. ఊరి మధ్యలో పెద్ద ఫ్లెక్సీ, ఆయన ఫొటో. కరపత్రంలో, పైగా అందంగా ఉంటుందని నేనే రాశాను, ఆయన వల్ల భూమి తిరిగొచ్చిన ఆరు కుటుంబాల పేర్లు. అప్పటికి రెండు కేసులు ఇంకా అప్పీల్లో ఉన్నాయి. సభ బ్రహ్మాండంగా జరిగింది. శాలువా, జ్ఞాపిక, ఫొటోలు, పులిహోర. పది రోజుల్లో ఆ కరపత్రం పట్టుకుని అవతలి పార్టీ మనుషులు ఆరిళ్లకీ వెళ్లారు. ఇద్దరు సాక్షులు కోర్టులో మాట మార్చారు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత రెండేళ్లు సంతకి ఆ రోడ్డు మీదుగా వెళ్లడం మానేశారు, అంతే. మేం ఆయన్ని ముందుగా "మీకు ఇష్టమేనా" అని అడగనేలేదు. అడిగితే మొహమాటపడతారు, సర్‌ప్రైజ్ చేద్దాం అనుకున్నాం. మా బుద్ధి అలా ఏడ్చింది.

పేరు వస్తే చాలు, ఎవరూ ముట్టుకోరు అన్న నమ్మకం మనకి ఎక్కడి నుంచి వచ్చిందో గానీ అది సగం నిజమే. వరంగల్లో డాక్టర్ రామనాథం గారిని ఎరగని ఇల్లు లేదు, ఎన్ని వేల మంది పిల్లలకి వైద్యం చేసిన చెయ్యి అది. పౌరహక్కుల సంఘం నాయకుడు. 1985 సెప్టెంబరు 3న ఆయన్ని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఇప్పటికీ ఆయన పేరున స్మారకోపన్యాసాలు జరుగుతాయి. చనిపోయాక చేసే గౌరవంలో మన తెలుగువాళ్లకి లోటు లేదు. పక్క ఛత్తీస్‌గఢ్‌లో పౌరహక్కుల కోసం పనిచేసే డాక్టర్ బినాయక్ సేన్ 2007 మేలో అరెస్టయ్యారు. జైల్లో ఉండగానే 2008లో జొనాథన్ మాన్ అవార్డు వచ్చింది. అది అందుకోడానికి వదలండి అని ఇరవై రెండు మంది నోబెల్ గ్రహీతలు అడిగారు. వదల్లేదు. సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది 2009 మేలో. అవార్డు వృథా అని నేను అనను, ఆయన పేరు దేశమంతా వినిపించింది దానివల్లే. కానీ తాళం తీసింది కోర్టులో నడిచిన పిటిషను.

దీనికి ఎదురుగా మన జిల్లాదే ఒక సంగతి పెట్టి చూడండి. నియమగిరి మీద బాక్సైటు తవ్వకం గురించి 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, నిర్ణయం పల్లీసభల్లో, అంటే ఊరి జనమంతా కూర్చునే సభల్లో, తేల్చమంది. జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా కూర్చున్నారు. రాయగడలో ఏడు, కలహండిలో అయిదు, మొత్తం పన్నెండు ఊళ్లు. జులై, ఆగస్టుల్లో ఒక్కో ఊరూ లేచి వద్దంది. ఆ కేసు నడిపినవాళ్లలో ఒకరైన ప్రఫుల్ల సామంతరాకి 2017లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది, తగిన గౌరవమే. కానీ పన్నెండు ఊళ్ల రిజిస్టర్లలో ఉన్న సంతకాలు, వేలిముద్రలు చూడండి. ఒక మనిషిని భయపెడితే ఆగే పని కాదది. అదే జిల్లాలో కాశీపూర్ దగ్గర మైకంచ్‌లో 2000 డిసెంబరు 16న పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు పోయారు కాబట్టి ఊరంతా నిలబడితే అంతా సుఖాంతమని కూడా చెప్పను. కానీ ఎవరి మీద గురి పెట్టాలో అవతలివాళ్లు వెతుక్కోవాల్సి వస్తుంది, ఆ తేడా ఉంది.

మీ మాస్టారి విషయంలో ప్రమాదం ఎక్కడుందంటే, పదేళ్ల అర్జీల కాపీలన్నీ ఆయన ఇంట్లో ఒక్క ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఒడియాలో అర్జీ రాయడం ఊళ్లో ఆయనకొక్కరికే వచ్చు. వాయిదాకి ఆయన ఒక్కరే బస్సెక్కి వెళ్తారు. ఆయన్ని ఆపితే అన్నీ ఆగిపోతాయని మేస్త్రీకి బాగా తెలుసు. మీరు వేదిక మీద ఆయన్ని ఇంకా ఒంటరిగా నిలబెడితే మేస్త్రీ లెక్క సరైనదే అని చెప్పినట్టవుతుంది.

నన్నడిగితే సన్మానం ఈ వారమే మొదలుపెట్టండి, శాలువా లేకుండా. ట్రంకు పెట్టెలో కాగితాలన్నీ ఇద్దరు కూర్చుని ఫొటోలు తీసి, ఒక కాపీ వకీలు దగ్గర, ఒకటి వేరే ఊళ్లో నమ్మకమైన మనిషి దగ్గర పెట్టండి. ప్రతి వాయిదాకి ఒకరు తోడు వెళ్లేలా వంతులు వేసుకోండి, టికెట్టు డబ్బులు ఊరివే. కాలేజీ పిల్లలు ముగ్గురైనా ఆయన దగ్గర అర్జీ రాయడం నేర్చుకోవాలి. సమాచార హక్కు దరఖాస్తు ఏదైనా వేయాల్సి వస్తే ఒకే ప్రశ్నని అయిదుగురు వేరువేరుగా వేయండి, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకూడదు. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించిన సమాచారం నలభై ఎనిమిది గంటల్లో ఇవ్వాలి, అదీ ఆ చట్టంలోనే ఉంది. అవినీతి బయటపెట్టేవాళ్లని కాపాడడానికి 2014లో చేసిన చట్టం మాత్రం ఇన్నేళ్లయినా అమల్లోకి రాలేదు కాబట్టి దాని మీద భరోసా పెట్టుకోకండి.

మాస్టారి భార్య సంగతి ఎవరూ రాయరు, మీరూ రాయలేదు. రాత్రి ఫోను మోగితే ముందు లేచేది ఆవిడే. ఆవిడకి వకీలు నంబరు, ఇద్దరు పక్కింటివాళ్ల నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. ఆవిడ "ఇంక చాలు, మానెయ్యండి" అంటే కూడా తప్పు పట్టకండి.

తర్వాత పల్లీసభ. అక్కడ రెండు తీర్మానాలు పెట్టించండి. ఊరి నుంచి దాదన్ వెళ్లేవాళ్ల పేర్లు, మేస్త్రీ పేరు, తీసుకున్న అడ్వాన్సు ఊరి రిజిస్టర్లో రాయాలని ఒకటి. కూలీల అర్జీలు మాస్టారు రాస్తున్నది ఊరి తరఫునేనని రెండోది. రేపు కోర్టులో "ఈయన ఎవరు, మధ్యలో ఎందుకు దూరాడు" అని అవతలి వకీలు అడిగినప్పుడు ఈ రెండో కాగితం నా చేతిలో ఉంటే నాకు చాలా ఇష్టం.

ఆ ప్రశ్నకి పెద్ద జవాబు కూడా ఉంది. 1998 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి సర్వసభ ఒక ప్రకటన ఆమోదించింది, హక్కులను కాపాడే పని ఒంటరిగానైనా, నలుగురితో కలిసైనా చేసే హక్కు ప్రతి మనిషికీ ఉందని. సంఘం రిజిస్ట్రేషను, గుర్తింపు కార్డు ఏమీ అక్కర్లేదు. మంగోలియా 2021లో దీని కోసం ప్రత్యేకంగా చట్టమే చేసుకుంది, మన దగ్గర అలాంటిది లేదు. సభలో ఎవరైనా ఉపన్యాసం ఇస్తామంటే మాస్టారి గుణగణాలకి బదులు ఈ ప్రకటనని తెలుగులోను, సవర భాషలోను చదివి వినిపించమనండి.

ఇంత చెప్పాక, సభ పెట్టుకోవచ్చు. మాస్టారు సరే అంటేనే. రాయగడలో కాదు, మీ ఊళ్లోనే. ఫ్లెక్సీలో ఆయన ఫొటో ఒక్కటే వద్దు, కూలీల ఫొటోలు, పేర్లు అసలే వద్దు. విలేకరిని పిలిస్తే నడుస్తున్న కేసు వివరాలు మాట్లాడకండి. బీడీవోనో, కాలేజీ ప్రిన్సిపాలునో, న్యాయసేవా సంస్థ వాళ్లనో పిలవండి. ఆ ఫొటోలో వాళ్లు పక్కన నిలబడి ఉండడం థానాలో పనికొస్తుంది. శాలువా కూడా కప్పండి, చలికాలం కదా.

నోటీసు ఫొటో ఇక్కడ పెడతానన్నారు. పెట్టేముందు మాస్టారి పేరు, ఊరు, కేసు నంబరు, ఫోను నంబరు కనబడకుండా చెయ్యండి. సెక్షను, హాజరు కావాల్సిన తేదీ, ఏ రాష్ట్రం థానా, ఈ మూడూ కనబడితే నాకు చాలు. తేదీ నాలుగు రోజుల్లోపు ఉంటే మాత్రం నా జవాబు కోసం ఆగొద్దు, పొద్దున్నే న్యాయసేవా సంస్థ ఆఫీసుకి వెళ్లండి. పదిన్నరకి తీస్తారు.